కుళాయి గట్టు దగ్గర చెప్పిన పాఠం

మూడో తరగతిలో, బడి తెరిచిన మొదటి వారమంతా మా పుస్తకాలు సంచుల్లోంచి బయటికి రాలేదు. కొత్త వాచకానికి అట్ట వేయించుకుని ఉత్సాహంగా వచ్చిన మాకు అదేమిటో అర్థం కాలేదు. టీచరుగారు మమ్మల్ని వెంటబెట్టుకుని వరండా అంతా నడిపించారు. కుళాయి గట్టు దగ్గరికి తీసుకెళ్లారు. ప్రార్థన చేసే చోట నిలబెట్టారు. ప్రతిచోటా ఆగి, అక్కడ ఎలా మసలుకోవాలో ముందు తను చేసి చూపించి, తర్వాత మాచేత చేయించారు. ఎక్కాలు అప్పజెప్పించుకున్నంత ఓపికగా చేయించారు.

1980ల నాటి మాట ఇది. అప్పట్లో ఏ బడికి వెళ్లినా బల్లమీద బెత్తం ఉండేది. గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం అందరికీ తెలిసినవే. పిల్లలకి ఎలా ఉండాలో ఎవరూ చెప్పేవారు కాదు. తప్పు చేశాక మాత్రం శిక్ష తప్పేది కాదు. టీచరుగారు ఈ వరసని తిరగేశారు. ‘గోల చేయకండి’ అనేవారు కాదు. ‘పక్కవాళ్లకి మాత్రమే వినబడేలా మాట్లాడుకోండి’ అని, అది ఎంత గొంతో తనే మాట్లాడి వినిపించేవారు. ‘పరిగెత్తొద్దు’ అనేవారు కాదు, ‘వరండాలో నడవండి, పరుగు ఆటస్థలంలో’ అనేవారు. ఏం చేయకూడదో విన్న పిల్లకి ఏం చేయాలో తెలియదు కదా! ఈ ముక్క చాలామంది పెద్దలకి ఇప్పటికీ పట్టదు.

మా బడి ఉన్న విజయవాడ సత్యనారాయణపురం ఇళ్ల మధ్యలోంచి అప్పుడు రైలుపట్టాలు పోయేవి. ఇప్పుడు అక్కడ బీఆర్టీఎస్ రోడ్డు ఉంది. రైలు కూత వినబడితే చాలు, తరగతులన్నీ కిటికీల మీద పడేవి, వెనకాలే అరుపులు, దెబ్బలు. టీచరుగారు దానికీ ఒక పద్ధతి నేర్పారు. కూత వినగానే పలకో పెన్సిలో కింద పెట్టి, కూర్చున్నచోటు నుంచే చూడొచ్చు. ఆఖరి పెట్టె దాటాక అందరం ఇటు తిరగాలి, ఆవిడ ఏ మాట దగ్గర ఆగారో ఆ మాట మేమే అందించాలి. ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకోవడం మాకు పందెంలా ఉండేది. పిల్లలు రైలు చూడకుండా ఉండలేరని ఆవిడకి తెలుసు. అందుకే చూడొద్దనలేదు.

ప్రార్థనలో రోజూ ప్రతిజ్ఞ చెప్పేవాళ్లం. దాన్ని 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు రాశారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందులో ‘ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను’ అన్న వాక్యం ఉంది. ఒకరోజు టీచరుగారు గదిలోకి రాగానే అడిగారు: “పొద్దున మర్యాదగా నడుచుకుంటామని చెప్పారు కదా, ఎలాగో చూపించండి.” ఎవరికీ నోరు పెగల్లేదు. అప్పుడు ఒక్కొక్కర్నీ పిలిచి చిన్న చిన్న నాటకాలు ఆడించారు. పక్కవాడి రబ్బరు కావాలంటే ఎలా అడగాలి, వాడు ఇవ్వనంటే ఏం చేయాలి, తిరిగిచ్చేటప్పుడు చేతికే ఎందుకివ్వాలి, ఆయమ్మ ఊడుస్తున్న చోట ఎలా దాటాలి. రోజూ గొంతెత్తి చెప్పిన ఆ వాక్యం మొదటిసారి మా చేతల్లోకి వచ్చింది ఆరోజే.

మాట్లాడినవాళ్ల పేర్లు లీడరు బోర్డు మీద రాసే అలవాటు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మా గదిలో ఆవిడ దాన్ని ఆపేశారు. ఆ పని అప్పగిస్తే ఒక పిల్లవాడు మిగతావాళ్లకి శత్రువవుతాడని నా నమ్మకం కూడా. బదులుగా సాయంత్రం లాంగ్ బెల్లుకి ముందు, ఆ రోజు తను గమనించిన మంచి పని ఒకటి చెప్పేవారు. ఊరికే ‘మంచి పిల్ల’ అనేవారు కాదు. ‘ఇంటర్వెల్లులో కిందపడ్డ ఒకటో తరగతి పాపని లేపి, దుమ్ము దులిపి, వాళ్ల గదికి చేర్చింది’ అని, జరిగింది జరిగినట్టు చెప్పేవారు. మర్నాడు ఆ పని ఇంకో నలుగురు చేసేవారు.

మాలో ఒకడు ఎంత చెప్పినా వరసలో ముందువాళ్లని తోసేవాడు. ఒకరోజు ఆవిడ వాణ్ణి ఒంటరిగా కుళాయి దగ్గరికి తీసుకెళ్లారు. “ఏరా నాన్నా, మళ్లీ ఒకసారి చేద్దాం” అని, తను ముందు నిలబడి, వాణ్ణి వెనక నిలబెట్టి, చెయ్యి చాచినంత దూరం కొలిపించారు. నీళ్లు పట్టుకుని పక్కకి జరగడం కూడా చేయించారు. ‘మీ ఇంట్లో నేర్పలేదా?’ అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో నేర్పకపోతే బడిలో నేర్పాలి, బడి ఉన్నది అందుకే. ఇంకో సంగతి కూడా ఆవిడ పట్టుకున్నారు. ఉన్న కుళాయిల్లో సగం పనిచేసేవి కావు, ఇంటర్వెల్లు కాస్తంత సేపు, పిల్లలేమో బోలెడుమంది. తోపులాటకి అదే సగం కారణం. పెద్దమేష్టారితో మాట్లాడి చిన్న తరగతులకి ఐదు నిమిషాలు ముందుగా ఇంటర్వెల్లు ఇప్పించారు. వాడు తోయడం తగ్గింది. అది వాడి గుణమని అప్పటిదాకా అందరం అనుకున్నాం.

దసరా సెలవుల తర్వాత నేర్చుకున్నదంతా గాలికి పోయేది. ఆవిడ విసుక్కోలేదు. సెలవుల్లో ఎక్కాలు మరిచిపోమా, ఇదీ అంతే అని మళ్లీ వరండా దగ్గర్నుంచి మొదలుపెట్టారు. మూలానక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద సరస్వతీదేవి అలంకారం చూడ్డానికి ఎవరెవరు వెళ్లారో చేతులెత్తించారు. అంత జనంలో క్యూ కదలడానికి ఎవరేం చేశారు, ఎవరో మధ్యలో దూరితే మీకేమనిపించింది అని అడిగారు. మేం చెప్పిన వాటినే బోర్డు మీద రాశారు. కుళాయి దగ్గర నియమాలు అవే అయ్యాయి. మేం చెప్పినవి గనుక వాటిని మీరడానికి మాకే మనసొప్పేది కాదు.

నేనిప్పుడు గుంటూరులో చిన్న తరగతులకే చెబుతున్నాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. బెత్తం లేకపోతే పిల్లలు మాట వినరని ఇప్పటికీ బాధపడే సహోద్యోగుల్ని చూస్తుంటాను. వాళ్లకి టీచరుగారి జూన్ నెల గురించి చెబుతాను. మా బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర అదే చేస్తాను. జూన్‌లో కొన్నాళ్లు ఖాళీ పళ్లేలతోనే చేయిస్తాను. చేతులు కడుక్కోవడం, చిన్నవాళ్లు ముందు కూర్చోవడం, వడ్డించే అమ్మకి పళ్లెం రెండు చేతులా చాపడం, ఇంకా కావాలంటే చెయ్యెత్తడం. ఒకటో తరగతి పిల్లలకి ఒకేసారి మూడు మాటలు చెబితే రెండు జారిపోతాయి. అందుకని రోజుకొకటే. గుడ్డు ఇచ్చే రోజు కూడా మా దగ్గర తోపులాట ఉండదు.

మన బడి పూర్వ విద్యార్థుల కోసం ఈ సంచిక వేస్తున్న మిత్రులకి ఒక మనవి. పూర్వ విద్యార్థుల చందాలతో మన బడికి ముఖద్వారం కట్టిద్దామన్న మాట వినబడుతోంది. ముందు కుళాయిలు వేయిద్దాం. ఒకటో తరగతి పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక వరస, పెద్దపిల్లలకి ఇంకో వరస, కింద నీళ్లు నిలవకుండా వాలు, పక్కనే సబ్బు పెట్టుకునే గూడు. నా చందా ఆ పద్దు కిందే రాసుకోండి.