డిసెంబరులో గుర్తుకొచ్చే ఫ్లాట్ టాప్స్ కొండలు

విల్లుతో ఎల్క్‌ను, అంటే ఉత్తర అమెరికాలోని పెద్ద జాతి జింకను, వేటాడేవారు కొండెక్కేది సెప్టెంబరులోనే అయినా, ఆ వేటకు కావలసిన పనిలో సగం డిసెంబరు నుంచి మార్చి దాకా ఇంట్లో కూర్చుని చేయవలసి ఉంటుంది. ఉద్యోగరీత్యా అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉన్నన్నాళ్లూ నా చలికాలాలు ఆ పనిలోనే గడిచాయి. అమ్మానాన్నల దగ్గర ఉండాలని విజయవాడకు తిరిగి వచ్చి స్థిరపడ్డాను. ఆ నిర్ణయం పట్ల నాకు పూర్తి తృప్తి ఉంది. అయినా మార్గశిరం వచ్చి, తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద మంచు కమ్మే రోజులు మొదలైతే, మనసు కొలరాడో కొండల మీదికి పోతుంది. అక్కడ ఉన్నప్పుడు అది రాబోయే వేట కోసం ఎదురుచూపు. ఇక్కడ అది ఉత్త బెంగగా మిగిలింది.

నేను తిరిగిన కొండలు కొలరాడో వాయవ్య భాగంలో ఉన్న ఫ్లాట్ టాప్స్. పేరుకు తగినట్టే వాటి పైభాగం శిఖరాలుగా కాక, దాదాపు 11,000 అడుగుల (సుమారు 3,350 మీటర్ల) ఎత్తున పచ్చిక మైదానాలుగా పరచుకుని ఉంటుంది. మన రాష్ట్రంలో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. అక్కడి మైదానమే అంతకు రెట్టింపు ఎత్తు. 1919లో ఆర్థర్ కార్‌హార్ట్ అనే అటవీ శాఖ ఉద్యోగిని ట్రాపర్స్ లేక్ చుట్టూ వేసవి ఇళ్లకు స్థలాలు కొలవమని పంపితే, ఆయన సరస్సును చూసి, ఇక్కడ ఏమీ కట్టకుండా వదిలేయడమే మంచిదని సిఫారసు చేశాడు. ఆ మాటను పైవారు మన్నించారు. ఆ కొండల్లో అధిక భాగానికి 1975లో చట్టరక్షణ లభించింది; అందులోకి మోటారు బండి కాదు గదా, సైకిలు కూడా తీసుకుపోరాదు. మనిషి నడవాలి, లేదా గుర్రమెక్కాలి. నాకు ఆ నియమం మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేనిది, ఎందుకంటే దారి లేకపోవడమే ఆ అడవిని అడవిగా నిలిపింది.

చలికాలంలో చేసే పని ముఖ్యంగా పటాలు చదవడం. 1:24,000 కొలతలో అచ్చయిన ఆ పటాల మీద, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు దగ్గరదగ్గరగా ఉన్నచోట వాలు నిట్రంగా ఉంటుంది, ఎడంగా ఉన్నచోట చదును వస్తుంది. నిట్టవాలు మధ్యలో చిన్న చదును కనిపిస్తే, అది ఉత్తరం వైపు వాలులో ఉండి, చెట్లు దట్టంగా ఉంటే, పగటి వేళ ఎల్క్ అక్కడ పడుకునే అవకాశం ఉంది. సాయంత్రం మేతకు ఏ పచ్చికలోకి దిగుతుంది, మధ్యలో ఏ కనుమ దాటుతుంది అన్నది వేలితో గీసుకుంటూ పోవాలి. మీకర్ ఊళ్లో నాకు ఈ విద్య నేర్పిన పెద్దాయన, పటం మీద వంద చోట్లు చూస్తే కొండ మీద పది మిగులుతాయి, వాటిలో ఒకటి నిజమవుతుంది అనేవారు.

అయితే ఎంత పటం చదివినా గాలిని అర్థం చేసుకోనివాడికి ఎల్క్ దొరకదు. విల్లుతో వేటాడేవాడు నలభై గజాల లోపలికి చేరాలి, ఆ జంతువు ముక్కు మాత్రం మనిషిని అంతకు ఎన్నో రెట్ల దూరం నుంచే పసిగడుతుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి తెల్లవారుజామున వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ పొడిచి నేల వేడెక్కిన తరువాత అదే గాలి పైకి లేస్తుంది. పొద్దు వాలాక మళ్లీ కిందికి తిరుగుతుంది. కాబట్టి ఉదయం ఎల్క్‌కు పైన ఉన్నవాడు, ఎండ రాకముందు ఎంత నిశ్శబ్దంగా దిగినా, తన వాసనను తానే ముందు పంపుకున్నవాడవుతాడు. గాలి తిరిగే ఆ కొద్ది నిమిషాలలో అది ఎటూ తేలక సుడులు పోతుంది. అప్పుడు కదలకుండా ఉండడమే ఉత్తమం. అటువంటి ఒక ఉదయం, లోతుగా మొదలై, సన్నని ఈలగా పైకి లేచి, గురకలాంటి చప్పుళ్లతో ముగిసే మగ ఎల్క్ అరుపు చెట్ల మధ్య నుంచి వినబడితే, ఒళ్లంతా చెవులవుతుంది.

ఈ చలికాలంలో ఆదివారాలు గుంటూరు దాటి కొండవీడు కోటకు వెళుతున్నాను. బరువు మోసే అలవాటు తప్పకుండా వీపు సంచిలో బియ్యం మూట పెట్టుకుని మెట్లెక్కి, పైన బురుజు దగ్గర ఆగి, చిన్న సీసాలోని మెత్తని పొడిని గాలిలోకి వదులుతాను. ఎండ రాకముందు అది లోయలోకి జారుతుంది, తరువాత కాసేపటికి పైకి తేలుతుంది. రెడ్డి రాజుల కోట మీదా కొలరాడోలోనూ గాలి ఒకే ధర్మాన్ని పాటించడం చూస్తే ఆనందంతో పాటు బెంగ కూడా రెట్టింపవుతుంది.

అమ్మ మాత్రం, "ప్రాణం తియ్యడానికి అంతేసి దూరం పోవాలా నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. భవానీ దీక్షాధారులు ఎర్రని వస్త్రాలతో ఇంద్రకీలాద్రికి తరలివచ్చే ఈ రోజుల్లో, ఆ కొండ కథనే ఆమెకు గుర్తుచేశాను. పంది మీద అర్జునుడూ, కిరాతరూపంలోని శివుడూ ఒకేసారి బాణాలు వేశారు. పోరాటమంతా ఆ వేట ఎవరికి దక్కాలన్నదాని మీదే జరిగింది. వేటలో అసలు విషయం హక్కు అని నేనూ నమ్ముతాను. కొలరాడోలో గత శతాబ్దం ఆరంభానికి ఎల్క్ దాదాపు అంతరించిపోతే, వ్యోమింగ్ నుంచి తెచ్చి వదిలి, వేటను అదుపు చేసి, నేడు రెండున్నర లక్షలకు పైగా పెంచారు. ఏటా మందలను లెక్కగట్టి, ఎన్నింటిని వేటాడవచ్చో తేల్చి, దానికి తగ్గట్టు ట్యాగులు, అంటే వేట అనుమతులు, ఇస్తారు. తుపాకులు, తూటాలు, విల్లంబుల మీద వసూలయ్యే పన్ను, 1937 నాటి చట్టం, దాని తరువాతి సవరణల మూలంగా, ముఖ్యంగా వన్యప్రాణుల పనులకు వెళుతుంది. తినదగిన మాంసాన్ని కొండ మీద వదిలేసి రావడం నేరం. తొడలు, జబ్బలు, వీపు కండలు అన్నీ మోసుకుని దిగవలసిందే. కొవ్వు లేని ఆ మాంసాన్ని సన్నని సెగ మీద గోంగూరతో ఉడికించి తిన్న చలికాలపు రాత్రులు నాకింకా నోరూరిస్తాయి.

ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అది సడలాలని నేనెన్నడూ కోరను. నల్లమల పులికి కణుజులూ దుప్పులే ముఖ్య ఆహారం. వాటిలో మనకు వాటా లేదు. అందుకే నా విల్లును మీకర్‌లో ఆ పెద్దాయన ఇంట్లోనే ఉంచాను.

ఆయన ఫోను చేసినప్పుడు ఇక్కడ ఉదయం, అక్కడ ముందురోజు సాయంత్రం. పైన మంచు నడుము లోతు పడిందనీ, మందలు దిగువ లోయలకు చేరాయనీ చెప్పి, ఈసారి ట్యాగుకు దరఖాస్తు పెడతావా అని అడిగారు. మార్చి 1న మొదలై ఏప్రిల్ మొదటి మంగళవారంతో గడువు ముగుస్తుంది. సెప్టెంబరులో నాన్నను చూసుకోవడానికి తమ్ముడు గుంటూరు నుంచి వస్తానని మాటిచ్చాడు. ట్రాపర్స్ లేక్‌కు పడమటి పటాన్ని భోజనాల బల్ల మీద పరిచి, రెండు కనుమలకు ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను.