డిస్కు మీద బ్యాకప్: నా అనుభవం

ఫొటోలు, స్కాన్ చేసిన ఇంటి కాగితాలు అన్నీ కలిపితే 68 జీబీ తేలింది. హార్డ్‌డిస్కులో ఒక కాపీ ఉంది. రెండోది పొరపాటున కూడా చెరిగిపోని చోట ఉండాలనుకున్నాను. అందుకే చెరిపి మళ్లీ రాయగలిగే ఆర్‌డబ్ల్యూ డిస్కుల జోలికి పోలేదు.

డీవీడీ మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో పట్టేది 4.38. ఆ లెక్కన 16 కావాలి. 25 జీబీ బ్లూరే డిస్కులో 23.3 పడుతుంది, మూడు సరిపోతాయి. నేను నాలుగు చేశాను, కారణం కింద చెప్తాను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎల్‌టీహెచ్ అని ఉందేమో వెతికాను. ఉంటే అందులో రికార్డయ్యే పొర సేంద్రియ రంగు, ఎండకీ వేడికీ త్వరగా దెబ్బతింటుంది. మామూలు బీడీ-ఆర్‌లో (ఒక్కసారే రాయగలిగే బ్లూరే డిస్కులో) ఆ పొర నిరింద్రియ పదార్థం.

బర్న్ చేసే ముందు, అంటే డిస్కు మీద రాసే ముందు, ఫైళ్లను ఐఎస్ఓ ఇమేజ్‌గా (డిస్కు మొత్తానికి నకలైన ఒకే ఫైల్‌గా) చేసి, డీవీడిజాస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మిగిలిన ఖాళీలో ఎర్రర్ కరెక్షన్ డేటా నింపాను. డిస్కుకి 17 జీబీ మాత్రమే పెట్టింది ఇందుకే. గీతలు పడి కొన్ని సెక్టార్లు (డిస్కు మీది చిన్న డేటా ముక్కలు) చదవకపోయినా ఆ డేటాతో తిరిగి రాబట్టొచ్చు. ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, యూడీఎఫ్ పెట్టాలి. జోలియెట్ అనే ఇంకో పద్ధతిలో పేరు 64 అక్షరాలకే తెగిపోతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి మన ఫైల్ పేర్లకు ఆ హద్దు తొందరగా వచ్చేస్తుంది.

మొదటి డిస్కు మధ్యలో ఆగి దండగైంది. రైటర్‌ని యూఎస్‌బీ హబ్‌కి తగిలించాను, దానికి కరెంటు చాలలేదు. నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టాక మిగతావి సాఫీగా అయ్యాయి. స్పీడు 4ఎక్స్, డిస్కుకి 23 నిమిషాలు. గరిష్ఠ స్పీడులో అంచు దగ్గర తప్పులు పెరుగుతాయి.

వెరిఫై, అంటే రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకునే విషయంలో మాత్రం రాజీ పడొద్దు. డిస్కు బయటికి తీసి మళ్లీ పెట్టాలి, లేకపోతే మెమరీలో ఉన్నదాన్నే చదివి అంతా బాగుందని చెప్పే ప్రమాదం ఉంది. తర్వాత ఇంకో డ్రైవ్‌లో పెట్టి ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు (ఫైల్ ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యలు) అసలు ఫైళ్లతో సరిచూశాను.

డిస్కు పేరును దాని మధ్యలోని పారదర్శకమైన వలయం మీదే, నీటి ఇంకు మార్కర్‌తో రాశాను. పెట్టెల్లో నిలువుగా, కింది గది బీరువాలో పెట్టాను. మే నెలలో మన స్లాబు కింద అటక కొలిమిలా ఉంటుంది, అక్కడ అస్సలు వద్దు. వేలిముద్ర పడితే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తిప్పితే గీత ట్రాక్ పొడవునా పడి, వరుసగా ఉన్న డేటా అంతా పోతుంది.