ఆగస్టు ఏడు ఫీచర్

సంచిక కమిటీ వాళ్లు మన జర్నలిజం విభాగం గురించి ఏదైనా రాయమన్నారు. క్యాంటీన్ టీ గురించి, పరీక్షల ముందు రాత్రుల గురించి మిగతా బ్యాచ్‌ల వాళ్లు ఎలాగూ రాస్తారు. నేను పత్రికల్లో వచ్చే ప్రత్యేక కథనాలు రాయడం నేర్పిన ఫీచర్ క్లాసు గురించి రాస్తాను. ఉద్యోగాల్లో చేరాక మనందరికీ రోజూ పనికొచ్చిన క్లాసు అదే. ఉదాహరణకు చేనేతనే తీసుకుంటున్నా. జిల్లా పేజీలో పనిచేసినవాళ్లెవరూ దాన్ని తప్పించుకోలేరు.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి 2015 నుంచి ఆ రోజును పాటిస్తున్నారు. ఆ రోజు ఏ పత్రిక తిరగేసినా నేతన్న మీద ఒక కథనం ఉంటుంది, అది మగ్గం చప్పుడుతోనే మొదలవుతుంది. రెండో పేరాలో ఆకలి కేకలు, మూడో పేరాలో సర్కారు నిర్లక్ష్యం. అగ్గిపెట్టెలో పట్టే చీర కూడా ఏడాదికోసారి ఆ రోజే బయటికొస్తుంది. రాసేవాళ్లకు రాత రాక కాదు ఇలా అయ్యేది. ఆరో తేదీ మధ్యాహ్నం ఊరికి వెళ్లి, గంటలో తిరిగొచ్చి, సాయంత్రానికి కాపీ పంపడం వల్ల అవుతుంది. నోట్‌బుక్‌లో ఏమీ లేనప్పుడు విశేషణాలే దిక్కు.

చేనేత అన్నది సబ్జెక్టు. స్టోరీ కావాలంటే అది ప్రశ్నగా మారాలి. పోచంపల్లి ఇక్కత్‌నే చూద్దాం. ఈ నేతలో మగ్గం ఎక్కేది ఆఖర్న. ముందు ఆసు పోయాలి, డిజైన్ గుర్తులు పెట్టాలి, రంగు అంటకూడని చోట రబ్బరు ట్యూబు పీలికలతో చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, ఆరాక విప్పాలి, మళ్లీ కట్టి ఇంకో రంగు వేయాలి, ఆ తర్వాత పేక నూలును కండెలకు చుట్టాలి. ఇందులో ఆసు పని చాలావరకు ఇంట్లో ఆడవాళ్లది. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం ముందు కూర్చుని, నూలును మేకుల చుట్టూ తిప్పుతూ మీటరు దూరం అటూ ఇటూ చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. చింతకింది మల్లేశం అమ్మ పడే ఈ బాధ చూడలేక చేసిన యంత్రమే లక్ష్మీ ఆసు యంత్రం. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా వందసార్లు అచ్చయిన కథ. మళ్లీ అదే రాస్తే పత్రికాఫీసులో కాపీలు దిద్దే డెస్కు దాన్ని పక్కన పడేస్తుంది, పడేయాలి కూడా. యంత్రం వచ్చాక ఆ ఇంటి ఆడవాళ్లకు మిగిలిన గంటలు ఏమయ్యాయి? విశ్రాంతిగా మారాయా, చిటికి కట్టడానికి పోయాయా, రెండో చీరకు పోయాయా? ఈ ప్రశ్న ఇంకా తాజాగానే ఉంది. దీనితో బయల్దేరితే ఎవరిని కలవాలో, ఏం అడగాలో దానంతటదే తేలుతుంది.

ఇక అంకెలు. చేత్తో ఆసు పోస్తే ఒక చీరకు చెయ్యి 9 వేల సార్లు ఆడుతుందని, నాలుగైదు గంటలు పడుతుందని, యంత్రంతో గంటన్నరలో అయిపోతుందని రాస్తుంటారు. 18 వేలు అని కూడా కనిపిస్తుంది. అది రోజుకు రెండు చీరల లెక్క. ఒక రిపోర్టరు రోజు లెక్కను చీర లెక్కగా రాస్తే తర్వాత పదిమంది అదే ఎత్తి రాస్తారు. అందుకే ఏ అంకె విన్నా ముందు చిన్న భాగహారం చేయాలి. 9 వేలను ఐదు గంటలతో, అంటే 300 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 30. రెండు సెకన్లకు ఒకసారి చెయ్యి ఆడడం మనిషికి సాధ్యమే, అంకె నిలబడుతుంది. అదే ఐదు గంటల్లో చీరకు 18 వేలంటే నిమిషానికి 60, సెకనుకొకటి. పగలంతా ఆ వేగం ఎవరి వల్లా కాదు. ఊరికి వెళ్లాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చేతి ఆసు దగ్గర ఒక నిమిషం, యంత్రం దగ్గర ఒక నిమిషం లెక్కపెట్టండి. గంటన్నరకు 9 వేలంటే యంత్రం నిమిషానికి వంద తిప్పాలి. మీ లెక్క తొంభై దగ్గరికొచ్చినా పర్లేదు. యాభై వచ్చిందంటే ఎక్కడో తేడా ఉంది. డిజైన్ మారిందా, నూలు తెగుతోందా, కరెంటు సరిగా లేదా అని అడగాలి. అసలు కథ ఆ తేడాలోనే దొరికిన సందర్భాలున్నాయి.

డబ్బు గురించి అడిగే పద్ధతి వేరు. 'నెలకెంత వస్తుంది?' అంటే నోటికొచ్చిన అంకె చెబుతారు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకు నెల లెక్క ఉండదు. నేయించుకునే వ్యాపారి, అంటే మాస్టర్ వీవర్, నూలు ఇస్తాడు, వార్పు (ఒకసారి మగ్గానికి ఎక్కించిన పడుగు) దిగాక కూలీ ఇస్తాడు. కాబట్టి వార్పు లెక్కే అడగాలి. వార్పుకు ఎన్ని చీరలు, కూలీ ఎంత, ఎన్నాళ్లు పట్టింది, ఎంతమంది చెయ్యి వేశారు, రంగుల ఖర్చు ఎవరిది, పాడైన చీరకు కోత ఉందా, తీసుకున్న అడ్వాన్సు ఎంత. లెక్క కోసం కూలీ 20 వేలు, ఇద్దరు మనుషులు, 40 రోజులు అనుకుందాం. తలకు రోజుకు 250 పడుతుంది. రిపోర్టర్లు ఆ 20 వేలను ఒక్క మనిషి నెల సంపాదనగా రాసేస్తారు. ఆసు పోసిన ఆవిడ అక్కడే మాయమవుతుంది.

సర్కారు లెక్కల్లోనూ ఆవిడను వెతకాల్సిందే. 2019-20 నాలుగో చేనేత గణనలో దేశవ్యాప్తంగా నేత పనివాళ్లు 26.73 లక్షలు, అనుబంధ పనివాళ్లు 8.48 లక్షలు. మగ్గానికి ముందు జరిగే పనులన్నీ రెండో వరసలోకి వెళ్తాయి. మొదటి అంకె మాత్రమే రాసి 'చేనేత కార్మికులు' అంటే మీ స్టోరీలోని ముఖ్యపాత్రనే లెక్కలోంచి తీసేసినట్టు. ఇంకో గోతి జిల్లాల విభజన. పోచంపల్లి 2016 అక్టోబరు దాకా నల్గొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి. పాత నల్గొండ మగ్గాల సంఖ్యను కొత్త జిల్లా సంఖ్య పక్కన పెట్టి 'మగ్గాలు సగానికి సగం పడిపోయాయి' అని రాస్తే అది మగ్గాలు పడిపోవడం కాదు, సరిహద్దు మారడం. మండలానికో సొసైటీకో సంబంధించిన లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టడమే నయం. మండల స్థాయి కార్యాలయంలో ఫీజు 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10. జవాబుకు గడువు 30 రోజులు కాబట్టి ఆగస్టు 7 స్టోరీకి జూన్‌లోనే పెట్టాలి. జులై ఆఖర్న పెట్టేవాళ్లు 'అధికారులు స్పందించలేదు' అని రాసుకుంటారు!

ఊళ్లో కనీసం రెండు పూటలు ఉండాలి. రంగుల అద్దకం, చిటికి, నేత ఒకే ఇంట్లో ఒకే రోజు జరగవు. మూడు ఇళ్లు చూసుకుని వెళ్తే ఫొటోగ్రాఫర్ ఖాళీగా ఉండడు. గుంట మగ్గం నేల మట్టానికి ఉంటుంది, నిలబడి తీస్తే నెత్తి, వీపు తప్ప ఏమీ రాదు. కింద కూర్చుని, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా తీయాలి. దుకాణంలో చీర ఫొటో తీస్తే తిరగేసి కూడా చూడండి. ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. వెనక వెలవెలబోయి, అంచులు గీత గీసినట్టుంటే అది ప్రింటు. అసలు ఇక్కత్ గురించిన స్టోరీలో ప్రింటు చీర ఫొటో వస్తే నవ్వేది మొదట ఆ ఊరివాళ్లే.

పేర్ల దగ్గర జాగ్రత్త. అప్పు వివరాలు, కూలీ కోతలు చెప్పిన మనిషి పేరు అచ్చయితే మరుసటి వారం మాస్టర్ వీవర్ నూలు ఇవ్వకపోవచ్చు. వాళ్లు చెప్పింది వాళ్లకే చదివి వినిపించి, పేరు పెట్టొచ్చా అని విడిగా అడగాలి. 'మీ పేరు పేపర్లో వస్తుంది' అంటే సంబరంగా సరే అంటారు. 'మీ సావుకారి చదువుతాడు' అన్నాక కూడా సరే అంటేనే అది ఒప్పుకోవడం. ఆ మాస్టర్ వీవర్‌ను కూడా కలవాలి. అతని గోడౌనులో అమ్ముడుపోని చీరలు ఉండొచ్చు. అతని వైపు వినకుండా రాసిన కథనంలో విలన్ ఉంటాడు కానీ కారణం ఉండదు.

రాయడానికి కూర్చున్నాక ఇంట్రో కోసం గంట పోగొట్టుకోవద్దు. నోట్‌బుక్‌లో మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన వాక్యం మొదట పెట్టేయండి. 'పోచంపల్లి చీర కట్టుకునేవాళ్లకు మగ్గం తెలుసు, ఆసు తెలియదు' అన్న ముక్క చాలు, వెనకాలే 9 వేల లెక్క రావచ్చు. మూడో పేరా దాటకముందే ఈ కథ ఇప్పుడెందుకో తేలాలి. పనిని వర్ణించేటప్పుడు జరిగే వరసలోనే చెప్పాలి. చిటికి గురించి చెప్పి వెనక్కొచ్చి ఆసు వివరిస్తే పాఠకుడు అక్కడే పేజీ తిప్పేస్తాడు. వాళ్లన్న మాటలను కోట్ చేసే విషయంలో డెస్కుతో కాస్త పోట్లాట తప్పదు. 'భుజం గుంజుతది' అని ఆవిడ అంటే 'భుజం నొప్పి వస్తోందని ఆవేదన వ్యక్తం చేశారు' అని మార్చేస్తారు. అలాగని కోస్తా నుంచి వెళ్లిన రిపోర్టరు వినని మాటలకు కూడా యాస తగిలిస్తే అంతకన్నా ఘోరం. విన్న రోజే విన్నట్టు రాసుకోవాలి, మర్నాటికి అది మన భాషలోకి మారిపోతుంది.

జిల్లా పేజీకి 500 పదాలు దాటకపోతే మంచిది. ఆదివారం అనుబంధమైతే 1,200 దాకా వెళ్లొచ్చు. ప్రకటన వస్తే డెస్కు కింది నుంచి కోస్తుంది. వార్తకు అది సరిపోతుంది కానీ ఫీచర్‌కు తల ఉండి కాళ్లు పోతాయి. అందుకని తీసేసినా పర్లేదనుకున్న రెండు పేరాలు మధ్యలోనే పెట్టి, వాటిని కాపీ పైన గుర్తు పెట్టి పంపాలి. కాపీతో పాటు ఫొటో క్యాప్షన్లు ఎడమ నుంచి కుడికి పేర్లతో, ప్రతి అంకె ఎక్కడిదో చెప్పే ఒక పేజీ, పేరు పెట్టొద్దన్న వాళ్ల జాబితా కూడా వెళ్లాలి. ఈ చివరిది మరిచిపోతే రాత్రి పదింటికి సబ్ ఎడిటర్ మంచి ఉద్దేశంతోనే క్యాప్షన్‌లో పేరు చేర్చేస్తాడు.