వంకర బార్, 8 సెంటీమీటర్లు

పదకొండున్నర దాటింది. అత్తమ్మ టీవీ కూడా కట్టేసింది. చిన్నది ఎప్పుడో పడుకుంది, 200 మీటర్లలో సెకండ్ వచ్చిన సంగతి చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుని. దాని సంతోషం దానిది. నా బుర్రలో మాత్రం పొద్దుటి నుంచి ఆ హైజంప్ బారే తిరుగుతోంది.

మండల సెలక్షన్లు. ఏ గ్రౌండో రాయను. బార్ నాలుగు పలకల అల్యూమినియం గొట్టం, 4 మీటర్లది. ఎన్నేళ్ల నుంచి ఎంతమంది పిల్లలు దాని మీద పడ్డారో, నడిమిట్ల వంగిపోయింది. అన్నాల టైముకు ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి చూశాను. మధ్యలో 4 సెంటీమీటర్ల వంపు. రూల్ ప్రకారం స్టాండ్ల మీద పెట్టాక బార్ తన బరువుకు తాను మహా అయితే 2 సెంటీమీటర్లు దిగొచ్చు. ఇది బరువుకు దిగడం కాదు, దెబ్బలు తిని తిని వచ్చిన వంకర.

వంకర అందరికీ ఒకే తీరుగా ఉంటే ఇంత బాధ లేకపోవును. నాలుగు పలకలు కాబట్టి ఎటు తిప్పి పెట్టినా ఆ బార్ నిలబడుతుంది. కింద పడ్డప్పుడల్లా ఎవరో ఒక పిల్లగాడు ఉరికొచ్చి, చేతికి ఎట్లా వస్తే అట్లా పెట్టేస్తున్నాడు. వంపు కిందికి ఉంటే 1.20 మీటర్లని రాసుకున్న ఎత్తు మధ్యలో 1.16. పైకి తిరిగితే 1.24. ఒక పిల్ల 1.16 దూకుతుంది, ఇంకో పిల్ల 1.24 దూకాలి. నోట్‌బుక్‌లో ఇద్దరిదీ 1.20. కొంచెం పక్కకు జరిగి దూకినా ఐదారు సెంటీమీటర్ల తేడా ఎక్కడికీ పోదు.

ఇది బయటపడకపోవడానికి కారణం టేపు. కొలిచింది స్టాండు పక్కన. అక్కడ వంపు ఉండదు కదా. కొలవాల్సింది నేల నుంచి నిలువుగా, బార్ పై అంచు అన్నిటికన్నా కిందికి ఉన్న చోటికి. అంటే మామూలుగా నట్టనడుమ. ముందు రెండు కొసలూ సమానంగా ఉన్నాయా చూసుకోవాలి, తర్వాత మధ్యలో కొలవాలి, ఎత్తు మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. బార్‌కు ఒక పలక మీద గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అదే పలక పైకి, అదే కొస అదే స్టాండు మీదికి వచ్చేలా పెట్టాలి. పైసా ఖర్చు లేని పని. 2021 సెప్టెంబరులో మన హనుమకొండ జేఎన్ఎస్‌లోనే, అదే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే, 60వ నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. దేశం మొత్తం మీది నుంచి వచ్చి దూకిన ఊరు ఇది. ఇక్కడి పిల్లలకు టేపు ఎక్కడ పెట్టాలో తెలియని కొలత ఏమిటి?

చిన్నదాని క్లాసు పిల్ల ఒకతి ఉంది. ఎత్తు 1.43 మీటర్లు ఉంటుంది. దాని పరుగు చూసి నేను నిలబడిపోయాను. ఎనిమిది అడుగులు, మొదటి నాలుగు నేరుగా, తర్వాతి నాలుగు సైకిలు మలుపు తిప్పినట్టు లోపలికి వాలి. ఆఖరి అడుగుకు ముందుది కాస్త పొడుగు, అక్కడే నడుము కొంచెం దిగింది. ఆఖరిది పొట్టిగా, చక్కున. మిగతా పిల్లలంతా బార్ దగ్గరికొచ్చేసరికి భయపడి పరుగు తగ్గించి, ఆఖరి అడుగు బారెడు సాగదీస్తున్నారు. అట్లా చేస్తే పాదం ముందుకు పోతుంది, నడుము వెనకే ఉండిపోతుంది, పైకి లేవాల్సిన ఒళ్లు బార్ మీదికే పోతుంది. ఈ పిల్లకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది. 1.20 దగ్గర మొదటిసారి కాలి మడమ తగిలి బార్ పడింది. ఉరికొచ్చిన పిల్లగాడు వంపు పైకి పెట్టాడు. రెండోసారి, మూడోసారి ఆ పిల్ల దూకాల్సి వచ్చింది ఆ వంపు మీదుగానే. రెండుసార్లూ బార్ పడింది. అయిపోయింది.

పీఈటీ సారు ఏమన్నాడంటే, "నువ్వు గింతే ఉన్నవ్ కద బిడ్డా, నీకు హైజంప్ ఏడ సెట్ అయితది? కబడ్డీల పేరు రాయించుకో." తిట్టలేదు. ప్రేమగానే అన్నాడు. ఆ పిల్ల "సరే సార్" అని తలూపి పోయింది.

నాకు వెంటనే హైజంపర్ స్టెఫాన్ హోల్మ్ గుర్తొచ్చాడు. స్వీడన్‌లో ఫోర్షాగా అనే చిన్న ఊరు, తండ్రే కోచ్. ఎత్తు 1.81. హైజంప్ ఫైనల్లో నిలబడితే పక్కవాళ్ల ముందు పొట్టిగా కనిపించేవాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2004 ఏథెన్స్‌లో 2.36 దూకి స్వర్ణం. 2005 మార్చిలో మాడ్రిడ్‌లో, ఇండోర్‌లో, 2.40. తన తల మీద 59 సెంటీమీటర్లు. అంతకుముందు 1978లో 1.73 ఎత్తున్న ఫ్రాంక్లిన్ జేకబ్స్ 2.32 దూకాడు, అదీ సరిగ్గా 59. హోల్మ్ బలమంతా పరుగులో ఉంది. ఆ వేగంతో వచ్చి నేల మీద కాలు ఆనించి లేచేదాకా పట్టే సమయం సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. ఇండోర్ ప్రపంచ స్వర్ణాలు నాలుగు: 2001, 2003, 2004, 2008. ఆరుబయట ప్రపంచ స్వర్ణం మాత్రం ఒక్కటీ లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మళ్లీ నాలుగో స్థానం, ఆ ఏడే రిటైర్మెంట్. రెండు నాలుగో స్థానాల మధ్య ఒక బంగారం. ఆ కెరీర్ మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. సారుకు ఆ వీడియో చూపించాలని ఫోన్ కూడా తీశాను.

చూపించలేదు. మంచిదే అయింది, ఎందుకంటే ఇప్పుడు రాస్తుంటే సారు మాట పూర్తిగా తప్పని అనలేకపోతున్నాను. 2007 ఒసాకా ప్రపంచ పోటీల్లో హోల్మ్ 2.33 దూకి నాలుగో స్థానంలో ఆగిపోయాడు. 2.35తో గెలిచింది బహామాస్ కుర్రాడు డొనాల్డ్ థామస్, 1.90 మనిషి. 2006 మొదట్లో బాస్కెట్‌బాల్ ఆడుకునేవాడు, పందెం కట్టి బార్ ముందు నిలబడి మొదటి రోజే 2.13 దూకేశాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ స్వర్ణం కూడా అతనిదే. హోల్మ్ చిన్నప్పటి నుంచి చేసిన కష్టం పక్కన థామస్‌ది ఏడాదిన్నరే. కాబట్టి పొడుగు అక్కరలేదని చెప్పడం పిల్లలను మోసం చేయడమే.

మరి పొడుగు ఎంత పనికొస్తుంది? దీనికి లెక్క ఉంది. మనం దూకేటప్పుడు పైకి లేపాల్సింది ఒంటి బరువు కేంద్రాన్ని. నిలబడ్డప్పుడు అది సుమారు బొడ్డు దగ్గర, మొత్తం ఎత్తులో 55, 56 శాతం దగ్గర ఉంటుంది. ఇవాళ ఎంపికైన పిల్ల 1.57. ఈ పిల్ల కన్నా 14 సెంటీమీటర్లు పొడుగు. 14లో 56 శాతం అంటే ఇంచుమించు 8 సెంటీమీటర్లు. పొడుగు పిల్లకు పుట్టుకతో వచ్చిన లాభం అంతే.

8. బార్ తిప్పి పెడితే వచ్చే తేడా కూడా 8.

ఇది తట్టినప్పటి నుంచే నిద్ర పట్టడం లేదు. బల్గేరియా స్టెఫ్కా కోస్తాదినోవా 1987లో రోమ్‌లో 2.09 దూకింది, ఆడవాళ్ల ప్రపంచ రికార్డు. దాని మీద ఒక్క సెంటీమీటరు ఎక్కువ దూకడానికి ఉక్రెయిన్ అమ్మాయి మహూచిఖ్ రావాల్సొచ్చింది, 2024 జులైలో, పారిస్‌లో. 37 ఏళ్లు ఒక్క సెంటీమీటరుకు. మగవాళ్లలో క్యూబా సోటోమేయర్ 1993లో సలమాంకాలో దూకిన 2.45 రికార్డు ఇంకా అట్లానే ఉంది. మన తేజస్విన్ శంకర్ 2018లో 2.29 దూకితే, 2025 టోక్యోలో 2.28తో సర్వేశ్ కుశారే ప్రపంచ పోటీల్లో ఆరో స్థానం తెచ్చాడు. ఈ ఆటలో సెంటీమీటరు విలువ అది.

ఇసుక గుంటలో వీపు మీద పడే ఫాస్బరీ జంప్ ఎట్లాగూ నేర్పకూడదు. 1968 మెక్సికోలో ఫాస్బరీ 2.24 దూకింది మెత్తటి పరుపు ఉండబట్టే. రెండు జిమ్ పరుపులు పక్కపక్కన వేసి కానిద్దాం అన్నా వద్దు, ఆ సందులో కాలు దిగితే మోకాలు మెలిపడుతుంది. కాళ్లను కత్తెరలా ఒకదాని తర్వాత ఒకటి బార్ దాటించే సిజర్సే చాలు. పరుగు మాత్రం ముగ్గుతో నేర్పొచ్చు. మేకుకు 6 మీటర్ల తాడు కట్టి గ్రౌండ్‌లో ముగ్గుపిండితో గుండ్రం గీసి, దాని మీద వాలి పరిగెత్తించాలి. కాలు ఆనించే చోటు బార్‌కు మూరన్నర దూరంలో, దగ్గరి స్టాండు నుంచి ఒక మీటరు లోపలికి. పాదం గుంట అవతలి మూల వైపు చూడాలి. బార్‌కు సమాంతరంగా పెడితే చీలమండ బెణుకుతుంది. బార్ బదులు సైకిలు ట్యూబ్ కోసిన రబ్బరు కట్టొచ్చు గానీ ముడి బిగించకూడదు, కాలికి తగిలితే ఊడిపోవాలి, లేకపోతే స్టాండే పిల్ల మీద పడుతుంది.

అయినా ఆ పిల్ల వయసు పదమూడు. ఇంకా పెరుగుతుంది. ఆ సంగతి సారుకు చెప్పాల్సింది, నోట్లోనే ఉండిపోయింది.

రేపు అబ్బాయిల సెలక్షన్లు, అదే బార్. చిన్నదాని ఎర్ర గోళ్ల రంగు, స్టీలు టేపు బ్యాగులో వేసుకున్నాను. ఎనిమిదింటికల్లా వెళ్తే సారు రాకముందే గుర్తు ఆరిపోతుంది. ఆ పిల్లకు ఇంకో మూడు ఛాన్సులు ఇమ్మని కూడా అడుగుతాను.