నీళ్లు ఎర్రబడేది వరద రోజున కాదు

నది సముద్రంలో కలిసే చోట నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారతాయి, చేపలు చచ్చి తేలతాయి. ఎందుకో తెలుసుకుందామని ఒక సీజనంతా ఒకే ముఖద్వారంలో నీటి నమూనాలు తీశాను.

ఎవరైనా ముందు అడిగేది నైట్రేటు, ఫాస్ఫేటు ఎంతున్నాయనే. నీళ్లను ఎర్రబార్చేది ఆల్గే, అంటే నీటిలో పెరిగే కంటికి కనిపించనంత చిన్న నాచుజీవులు. పొలాల ఎరువు, మురుగునీరు వాటికి మేత, అందులో సందేహం లేదు. అయితే వరద ఉద్ధృతంగా ఉన్న వారంలో నైట్రేటు బాగా పెరిగింది, ఆల్గే మాత్రం దాదాపు లేదు. కణం రెండుగా చీలేలోపే ప్రవాహం దాన్ని సముద్రంలోకి నెట్టేస్తుంది. పైగా బురదనీటిలోకి వెలుతురు దిగదు.

వరద తగ్గి, ఎండ కాసి, గాలి పడిపోయాకే ఆల్గే ఊపందుకుంది. లోతువారీగా ఉప్పుదనం, ఉష్ణోగ్రత కొలిస్తే సంగతి బోధపడింది. తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు కింద, రెండూ కలవకుండా పొరలుగా నిలిచిపోయాయి. ఆల్గేలో డయాటమ్‌లు అనే రకానికి ఈత రాదు, అలాంటి నీటిలో అవి అడుగుకు జారతాయి. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఇంకో రకానికి కశాభాలు, అంటే ఈదడానికి పనికొచ్చే సన్నని తోకలు ఉంటాయి. వాటిలో చాలావరకు పగలు వెలుతురు కోసం పైకి, రాత్రి పోషకాల కోసం కిందికి ఈదుతాయి. నిలకడ నీరు వాటికి కలిసొస్తుంది.

నమూనా ఎప్పుడు తీశామన్నది చాలా ముఖ్యం. పోటు వేళ తీసిన సీసాను పాటు వేళ తీసినదానితో పోల్చకూడదు, చోటు ఒకటే అయినా నీరు వేరు. కణాలు లెక్కపెట్టే సీసాలో పల్చటి టీ రంగు వచ్చేదాకా కణాలు పాడవకుండా లుగాల్ అయోడిన్ అనే ద్రావణం కలిపాను.

తీరా నీళ్లు ఎర్రబారిన రోజున నైట్రేటు దాదాపు సున్నా! ఆ అంకె ఒక్కటే చూస్తే నీరు శుభ్రమనిపిస్తుంది. నిజానికి నైట్రేటులోని ఆ నైట్రోజన్ ఆల్గే ఒంట్లో ఉంది. అందుకే మొత్తం నైట్రోజన్ కూడా కొలవాలని గట్టిగా చెబుతాను. కొన్నాళ్లకు, చచ్చిన ఆల్గే కుళ్లి, తెల్లవారుజామున అడుగునీటిలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గింది. ఆక్సిజన్ అడుగంటితే బురదలో ఇనుముకు అంటుకున్న ఫాస్ఫేటు విడిపోతుంది. కొత్త వరద అక్కర్లేకుండానే ఇంకో విడత మేత!

రంగును నమ్ముకోవడమూ ప్రమాదమే, నీళ్లు ఎర్రబడకున్నా విషం ఉండొచ్చు. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. దానికి కారణమైన డొమోయిక్ ఆమ్లం అనే విషం సూడో-నిట్జ్‌షియా అనే డయాటమ్ నుంచి వచ్చింది. వండినా అది పోదు. అందుకే నీళ్లు తేటగా ఉన్న రోజుల్లోనూ మైక్రోస్కోపు కింద చూడడం మానలేదు.

ఫాస్ఫేటులో ఉండే ఫాస్ఫరస్ ఒక్కటి తగ్గిస్తే చాలదా అని నన్ను అడిగేవారు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1988లో ఫాస్ఫేటు డిటర్జెంట్లను నిషేధించాక నూస్ నది మంచినీటి భాగంలో ఆల్గే తగ్గింది. అక్కడ ఆల్గే వాడుకోని నైట్రోజన్ దిగువకు పారింది. ఉప్పు కలిసిన నీటిలో సాధారణంగా కొరత ఉండేది నైట్రోజన్‌కే, కాబట్టి సమస్య కాస్తా దిగువకు చేరింది.