రాత్రి కాపలా కూలి ఏది?

2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచిన నిజామాబాద్ మాది. అర్జీలు, ధర్నాలు మాకు కొత్త కాదు. లెక్క రాయడమే కొత్త.

పసుపు కొమ్ములు అమ్ముకోవడం మా వంతు, పొడి కొట్టి ప్యాకెట్ చేసేది ఎక్కడో ఇంకెవరో. ఆ పని మా ఊళ్లోనే జరగాలని, పసుపు ఉడికించే ఉమ్మడి బాయిలరు, పాలిష్ డ్రమ్ము, పొడి మిల్లు కావాలని రైతు సంఘం తరఫున ఆరు నెలలు తిరిగాను. చివరికి ఒక అధికారి మేడమ్ అడిగారు: "క్వింటాలు పచ్చి పసుపుకి ఎండుది ఎంత వస్తుంది?" మాలో ఒకరు 20 కిలోలన్నారు, ఇంకొకరు 25. మూడో ఆయన "నేలను బట్టి ఉంటది మేడమ్" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. సరిగ్గా ఆ పసుపు తవ్వకాల్లోనే కాటా పట్టుకుని పన్నెండు మంది కళ్లాలు తిరిగాను. తవ్వినప్పుడు, ఉడికించి ఎండబెట్టాక, పాలిష్ పట్టాక, మూడుసార్లు తూకం, అన్నీ ఒక నోట్‌బుక్కులో. "తమ్మీ, దేవుడిచ్చినదాన్ని ఇన్నిసార్లు తూస్తవా?" అని ఒక పెద్దాయన నవ్వాడు. చివరికి ఎండుది పచ్చిదాంట్లో ఐదో వంతు దగ్గరే తేలింది, పాలిష్ తరుగు వేరే.

లాభం బాగా కనిపించే లెక్కతో మళ్లీ వెళ్లాను. మేడమ్ పేజీ తిప్పి, "రాత్రి పసుపు ఉడికేచోట ఎవరు కూర్చున్నారు?" అన్నారు. మేమే, ఇంటివాళ్లమే అన్నాను. "ఆ కూలి ఏది?"

కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. ఇంటికొచ్చి ఆ కూలి కలిపితే లాభం సగానికి పడిపోయింది. ఇంకోటీ బయటపడింది: ఏడాదంతా మిల్లు ఆడాలంటే సీజన్లో పసుపు కొని నిల్వ పెట్టాలి. మా అర్జీలో మిల్లు ఖరీదు ఉంది, సరుకు కొనే డబ్బు లేదు!

అర్జీ మార్చాం. ముందు బాయిలరు, పాలిష్ డ్రమ్ము మాత్రమే. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో అప్పటికి 35 శాతం సబ్సిడీ ఉంది గానీ అది బ్యాంకు లోనుతో ముడిపడింది. బ్యాంకులో కూడా మొదట అడిగింది ఆ నోట్‌బుక్కే. పసుపు మరకలు చూసి, "ఇది ఆఫీసులో కూర్చుని రాసింది కాదులే" అన్నారు.

లోను వచ్చింది. మిల్లు సంగతి ఇంకా తేలలేదు. మొన్న కొత్త నోట్‌బుక్ కొన్నాను. తూకాల కంటే ముందు గడి రాత్రి కాపలా కూలికే గీశాను.