బల్ల మీద గేర్‌బాక్స్, ఓ ఆదివారం

కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పడం, కడగడం అయిపోయాయి. ఇవాళ్టి నుంచి కూర్పు. బల్ల మీద పాత పేపర్లన్నీ తీసేసి, నూలు రాలని గుడ్డ పరిచాను. మామూలు గుడ్డ పీలికలు ఈ పనికి బొత్తిగా పనికిరావు. ఒక్క నూలుపోగు వాల్వ్ బాడీలోకి (నూనె ఏ గేరుకి వెళ్లాలో మళ్లించే వాల్వుల దిమ్మ) పోతే చాలు, వాల్వ్ ఇరుక్కుంటుంది, రెండో గేరు పడదు. తప్పు ఎక్కడుందో మళ్లీ పెట్టె దించితే తప్ప తెలియదు.

పెట్టె టర్బో హైడ్రామాటిక్ 350. జనరల్ మోటార్స్ 1969 మోడల్ కార్లతో తెచ్చింది. పాన్, అంటే అడుగునుండే నూనె పళ్లెం, దాదాపు చదరంగా ఉండి, ఒక మూల కోసేసినట్టు కనిపిస్తే ఇదేనని గుర్తు. మూడు గేర్లు: 2.52, 1.52, 1. కంప్యూటర్ లేదు. గేరు ఎప్పుడు మారాలో గవర్నర్ (బండి వేగం చెప్పేది), వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజను మీద భారం చెప్పేది), డిటెంట్ కేబుల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు లాగేది) కలిసి తేలుస్తాయి. ఇంట్లో రీబిల్డ్ చేద్దామనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి పెట్టె దొరకడం కష్టం.

కిట్ కొని, ప్లేట్లూ గాస్కెట్లూ మార్చేసి, దాన్నే రీబిల్డ్ అనేస్తారు చాలామంది. క్లచ్ ప్లేటు ఊరికే మాడదు. దీంట్లో డైరెక్ట్ క్లచ్ (మూడో గేరులో, రివర్సులో పట్టేది) ప్లేట్లు బొగ్గయ్యాయి, ఫార్వర్డ్ క్లచ్‌వి (ముందుకెళ్లే గేర్లన్నిటిలో పట్టేది) మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అంటే నూనె పాతబడి అన్నీ ఒకేసారి పోలేదు, ఆ ప్లేట్లుండే ఒక్క డ్రమ్ముకే నూనె ప్రెజర్ సరిగా అందలేదు. పిస్టన్ తీసి చూస్తే బయటి లిప్ సీల్ (పెదవిలాంటి అంచున్న రబ్బరు వలయం) గట్టిపడిపోయి ఉంది. వేలితో వంచితే వంగాల్సిన రబ్బరు పటుక్కున విరిగింది. ప్రెజర్ అక్కడ కారిపోతే పిస్టన్ ప్లేట్లని గట్టిగా నొక్కలేదు, ప్లేట్లు జారతాయి, జారితే వేడెక్కుతాయి, ఆ పైన మాడతాయి. ఈ సీల్ వదిలేసి కొత్త ప్లేట్లు వేస్తే అవీ అదే దారి పడతాయి.

ఆ డ్రమ్ముకి నూనె వెళ్లే దారి కూడా చూడాలి. పంప్ వెనక గొట్టం మీదున్న సీలింగ్ రింగులు, అవి తిరిగే డ్రమ్ము లోపలి గోడ, పక్కనే బుషింగ్ (డ్రమ్ము ఊగకుండా పట్టే లోహపు తొడుగు). గోడ మీద గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త రింగు వేసినా కారుతుంది. బుషింగ్ అరిగితే డ్రమ్ము ఊగుతుంది, ఊగితే రింగు ఓ పక్కకి అరుగుతుంది. ఇక్కడ గోడ నున్నగానే ఉంది, బుషింగ్ మార్చితే సరిపోయింది. సన్ షెల్ (డైరెక్ట్ డ్రమ్ము తిప్పుడుని మధ్యనున్న సన్ గేరుకి అందించే గిన్నెలాంటి ముక్క) పళ్లు కూడా వెలుతురులో తిప్పి చూశాను. ఈ పెట్టెలో అది పేరుమోసిన బలహీనత. అది తెగితే మొదటి గేరులో బండి కదులుతుంది గానీ రెండూ, మూడూ, రివర్సూ ఉండవు. బయటి నుంచి చూసి క్లచ్ పోయిందనుకుంటారు.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు (పట్టు కోసం పైపొర అంటించినవి) పొద్దున్నే ఏటీఎఫ్‌లో, అంటే గేర్‌బాక్స్ నూనెలో, వేశాను. కనీసం అరగంట నానాలి. పొడిగా వేస్తే మొదటి రెండు మూడు సార్లు పట్టుకునేసరికే పైపొర గీరుకుపోతుంది. వాటి మధ్య వచ్చే స్టీలు ప్లేట్లలో నీలం మచ్చలున్నవీ, బల్ల మీద పెడితే కదిలేవీ పక్కన పడేశాను. వంకర ప్లేటు ఎంత కొత్త ఫ్రిక్షన్‌నైనా తినేస్తుంది.

రోజులో ఎక్కువ సమయం తిన్నది పిస్టన్లే. డైరెక్ట్ పిస్టన్‌కి మూడు సీళ్లు: లోపలిది, బయటిది, నడిమిది. నడిమి సీల్ పిస్టన్ వెనక జాగాని రెండుగా విడగొడుతుంది. మూడో గేరులో లోపలి భాగానికే నూనె, రివర్సులో రెండింటికీ. అందుకే రివర్సు పట్టు గట్టిగా ఉంటుంది. లిప్ సీల్ పెదవి ప్రెజర్ వచ్చే వైపుకే తిరిగి ఉండాలి. తిరగేసి వేస్తే నూనె సీల్‌ని గోడకి నొక్కడం మానేసి పక్కనుంచి దాటిపోతుంది. పాతవి తీసేముందే ఏది ఎటు చూస్తోందో ఫొటో తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

పిస్టన్ దించేటప్పుడు పెదవి మడత పడకూడదు. డ్రమ్ము గోడకీ సీల్‌కీ ఏటీఎఫ్ బాగా పట్టించి, అంచులు నున్నగా రుద్దిన పల్చటి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే రేకు) పెదవిని చుట్టూ లోపలికి తోస్తూ, పిస్టన్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ దించాలి. సన్నటి పియానో తీగని ఉంగరంలా వంచి పిడికి బిగించుకున్నా పని జరుగుతుంది. అడ్డుపడితే సుత్తి తీయొద్దు, పైకి లాగి మళ్లీ మొదలుపెట్టాలి. సీల్ సరిగ్గా కూర్చుంటే పిస్టన్ మెత్తగా కిందికి జారుతుంది, ఆ తేడా చేతికే తెలుస్తుంది.

తరవాత క్లియరెన్స్, అంటే ప్లేట్లకి వదలాల్సిన సందు. ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకి 0.010 అంగుళం చొప్పున లెక్క. నాలుగు ఫ్రిక్షన్లుంటే 0.040, అంటే మిల్లీమీటరు. స్నాప్ రింగుకీ (ప్లేట్లు బయటికి రాకుండా ఆపే వలయం) పైనున్న ప్రెజర్ ప్లేటుకీ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. తక్కువైతే క్లచ్ వదిలినప్పుడు కూడా ప్లేట్లు రాసుకుంటాయి, ఊరికే కాలిపోతాయి. మరీ ఎక్కువైతే పిస్టన్ దూరం నడవాలి, గేరు ఆలస్యంగా దబ్బున పడుతుంది. మందం వేరుగా ఉన్న స్టీలో, ప్రెజర్ ప్లేటో మార్చి సర్దుకోవాలి. కిట్‌లో వచ్చినవి వచ్చినట్టే వేస్తే ఈ కొలత కుదురుతుందని నమ్మకూడదు.

థ్రస్ట్ వాషర్లు (తిరిగే భాగాల మధ్య ఉండే పల్చటి వలయాలు) పడిపోకుండా వ్యాసలిన్. చక్రాల బేరింగ్ గ్రీజు వద్దు. అది నూనెలో కరగదు, ఫిల్టర్‌కీ సన్నటి రంధ్రాలకీ అడ్డం పడుతుంది.

పంప్ రెండు ముక్కలూ కలిపేటప్పుడు బయటి అంచులు కచ్చితంగా ఒకటవ్వాలి. పెద్ద హోస్ క్లాంప్ చుట్టూ బిగించి, ఆ తరవాతే లోపలి బోల్టులు బిగించడం సులువైన దారి. లోపలి గేర్లు విప్పేముందే ఏ ముఖం పైకుందో మార్కర్‌తో గుర్తు పెట్టాలి. లోపలి గేరు తిరగేసి వేసుకుంటే కన్వర్టర్ (ఇంజను తిప్పుడుని నూనె ద్వారా పెట్టెకి అందించేది) బిగించగానే పంప్ పగులుతుంది.

డ్రమ్ములు కేసులోకి దించేటప్పుడు తొందర పనికిరాదు. డ్రమ్ముని అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఒక్కో ఫ్రిక్షన్ పళ్లు హబ్ మీద పడతాయి, పడ్డప్పుడల్లా డ్రమ్ము ఒక మెట్టు కిందికి దిగుతుంది. చివరి ప్లేటు పడలేదనుకోండి, డ్రమ్ము కొంచెం ఎత్తుగా ఉంటుంది. కంటికి అంతగా కనబడదు. అలాగే పంప్ పెట్టి బోల్టులతో లాగితే ప్లేటు పళ్లు వంగిపోతాయి. అందుకే ఎనిమిది బోల్టులూ అడ్డదిడ్డంగా కొంచెం కొంచెం బిగిస్తూ, ప్రతిసారీ ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పి చూడాలి. బిర్రుగా అనిపించిన క్షణమే ఆపేసి, పంప్ పైకి తీయాలి. అంతా సరిగా ఉంటేనే చివరి బిగింపు, సుమారు 18 ఫుట్ పౌండ్లు. తరవాత డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్‌ని పైకీ కిందికీ లాగితే ఆట, అంటే వదులు, 0.010 నుంచి 0.044 అంగుళం లోపు రావాలి. రాకపోతే పంప్ వెనకున్న థ్రస్ట్ వాషర్ మందం మార్చాలి.

వాల్వ్ బాడీ వేయకముందే గాలి పరీక్ష. కేసులో ఒక్కో క్లచ్‌కి వెళ్లే రంధ్రంలోకి 30-40 పీఎస్ఐ గాలి వదిలితే పిస్టన్ 'దబ్' మనాలి, గాలి ఆపగానే వెనక్కి రావాలి. చప్పుడు లేకుండా బుస్సుమంటే సీల్ మడతపడ్డట్టే. రింగుల దగ్గర కాస్త గాలి పోవడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. బండికి ఎక్కించాక సీల్ తప్పు బయటపడితే ఓ వారం పని పెరుగుతుంది.

వాల్వ్ బాడీలో ప్రతి వాల్వూ శుభ్రమైన బోరులో, బాడీని వంచితే తన బరువుకే జారాలి. జారకపోతే బర్ (పొడుచుకొచ్చిన లోహపు అంచు) ఉందో, నూలుందో చూడాలి. పావు అంగుళం చెక్ బాల్స్ నాలుగు. విప్పేటప్పుడు నేల మీద దొర్లిపోయిందేమోనని లెక్కపెట్టుకోవడం మంచిది. గాస్కెట్లు రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి కావు. సెపరేటర్ ప్లేటు (వాల్వ్ బాడీకీ కేసుకీ మధ్య ఉండే రంధ్రాల రేకు) మీద పరిచి ఒక్కో రంధ్రం సరిపోల్చాలి. బోల్టులు 12-13 ఫుట్ పౌండ్లు, మధ్య నుంచి బయటికి. కేసు అల్యూమినియం, ఎక్కువ బిగిస్తే మర ఊడొస్తుంది.

మాడ్యులేటర్ కొత్తదే వేశాను. పాతదాని వాక్యూమ్ గొట్టం లాగితే లోపల ఎర్రటి నూనె కనబడింది. దాని లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగితే ఇంజను ఆ నూనెని పీల్చి తెల్లపొగ వదులుతుంది. చాలామంది పిస్టన్ రింగులు పోయాయనుకుని ఇంజను విప్పేస్తారు.

మిగిలింది కన్వర్టర్, ఎక్కించడం. పాత కన్వర్టర్ లోపల మాడిన పొట్టు ఉంటుంది, ఇంట్లో కడగడం కుదరదు, మార్చడమే. కూలర్ గొట్టాలు కూడా ఎదురు దిశలో కడగాలి. కన్వర్టర్‌లో ఓ లీటరు నూనె పోసి, తిప్పుతూ తోస్తే మూడు మెట్లు దిగుతుంది. పెట్టె ఇంజనుకి బిగించాక కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేటుకీ (ఇంజను వెనక తిరిగే రేకు చక్రం) మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం జాగా ఉండాలి. జాగా లేకపోతే కన్వర్టర్ పంప్‌లో పూర్తిగా కూర్చోలేదు, బోల్టులు బిగించొద్దు. ముందు నాలుగైదు లీటర్లు పోసి ఇంజను స్టార్ట్ చేసి, ఆగకుండా పోస్తూ వెళ్లాలి. అన్ని గేర్లలోకీ లివర్ తిప్పి, నూనె వేడెక్కాక, ఇంజను నడుస్తుండగా పార్క్‌లో డిప్‌స్టిక్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు నిండుగా పోస్తే వేడికి పొంగి నురగ అవుతుంది, నురగని పంప్ సరిగా తోయలేదు.